గంపల వారు రత్నాన్ని కాలేజీలో చేర్చిన వైనం

గంపల వారి ఇంట్లో తెలివితక్కువ వాళ్ళు ఎవరూ లేరు. ఈ సంగతి కనిపెట్టింది ఆ ఇంటి పెద్ద అప్పలకొండే. ఒకనాడు భోజనాల దగ్గర, మనలో తెలివితక్కువ వాళ్ళుంటే చెయ్యెత్తండి అని అడిగాడు. తమ్ముడు గౌరీసు ఎత్తలేదు. గౌరీసు భార్య లోవతల్లి ఎత్తలేదు. అప్పలకొండ కూడా ఎత్తలేదు. అంతే, తేలిపోయింది. గౌరీసు కూతురు నూకరత్నం మాత్రం నవ్వు ఆపుకోలేక కంచం పట్టుకుని వంటింట్లోకి పోయింది కాబట్టి ఆ పిల్ల లెక్కలోకి రాలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరు ఎదురైనా అప్పలకొండ ఈ మాట చెప్పకుండా వదిలేవాడు కాదు.

వాళ్ళది అనకాపల్లి అవతల గుమ్మలపాలెం. చెరకు పండించి బెల్లం వండుకునే కుటుంబం. బెల్లం పెనం దగ్గర వాళ్ళ తండ్రి పెట్టిపోయిన కట్టుబాటు ఒకటుంది. పాకం చూసేవాడు కలుపు అంటే కలపాలి. దించు అంటే దించాలి. ఎందుకు అని అడగకూడదు. అడిగి, జవాబు విని, తల ఊపేలోగా పాకం మాడిపోతుంది. పొయ్యి దగ్గర అది మంచి కట్టుబాటే. గంపల వారు దాన్ని పొయ్యి దగ్గరే వదిలి ఇంట్లోకి వచ్చి ఉంటే ఏ గొడవా లేకపోను. కాని వాళ్ళు ఎక్కడికి పోయినా దాన్ని వెంటబెట్టుకుని పోయేవారు. ఒకసారి డాక్టరు గౌరీసుకు మాత్ర ఇచ్చి, వేసుకుని పడుకో అన్నాడు. గౌరీసు అక్కడే ఆసుపత్రి బల్ల మీద పడుకున్నాడు. మిగతా రోగులంతా నిలబడ్డారు. అప్పలకొండకు అసలు పెళ్ళే కాలేదు. చేసుకో అని ఎవరూ చెప్పకపోవడమే కారణం.

అలాంటి ఇంట్లో పుట్టిన రత్నం ఇంటర్ రెండో ఏడాదికి వచ్చింది. చదువులో దిట్ట. అంతకుముందు ఒక ఏడాది వాళ్ళ చెరకు తోట ఎర్రకుళ్ళు తెగులొచ్చి నిలువునా పోయింది. అప్పుడు ఈ తెగులు ఎందుకొస్తుంది పెదనాన్నా అని అడిగింది. ఆ ఇంట్లో ఎందుకు అని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. అప్పలకొండ ఊళ్ళో కనిపించిన వాళ్ళందరినీ అడిగాడు. వ్యవసాయ కాలేజీలో చదివితే తెలుస్తుందట అని ఎవరో చెప్పగా విని, ఈ పిల్లను ఎలాగైనా ఆ కాలేజీలో చేర్చాలని మనసులో గట్టిగా అనుకున్నాడు. ఆయనకు అంతకుమించి కోరిక లేదు.

దసరా సెలవుల తరవాత జూనియర్ కాలేజీ వాళ్ళు రెండో ఏడాది పిల్లల తల్లిదండ్రులను పిలిచారు. సువర్చల అనే లెక్చరరు గారు మాట్లాడింది. మన పిల్లలు ఇప్పటిదాకా ఇల్లు దాటలేదు, రేపు హాస్టల్లో ఉండాలి, అక్కడ ఇంట్లోలాగ ఏదీ జరగదు, అందుకని ఇప్పటినుంచే ఇంట్లో హాస్టల్ పద్ధతి అలవాటు చేయండి అని చెప్పింది. తక్కిన వాళ్ళు విని, తల ఊపి, టీ తాగి వెళ్ళిపోయారు. అప్పలకొండ టీ కూడా తాగలేదు. తిన్నగా ఇంటికొచ్చాడు.

ఇంకేముంది. తెల్లారేసరికి గంపల వారి ఇల్లు హాస్టలైపోయింది. వాకిట్లో అడ్డంగా వెదురు కర్ర కట్టారు. అది గేటు. అప్పలకొండ వార్డెను. గౌరీసు గేటు దగ్గర కాపలా. లోవతల్లి వంటమనిషి. హాస్టల్లో తల్లి ఆదివారం మాత్రమే కనపడుతుంది కాబట్టి, మిగతా రోజుల్లో లోవతల్లి కూతురికి అన్నం పెట్టేటప్పుడు తల్లిలా చూడకూడదని తీర్మానమైంది. ఆదివారం వచ్చేసరికి ఆవిడ పెరటి గుమ్మంలోంచి బయటికి పోయి, ఊరంతా చుట్టి, గేటు దగ్గరికొచ్చి నిలబడి, మా అమ్మాయిని చూడటానికి వచ్చానండీ అని మొగుడికి చెప్పుకునేది. గౌరీసు, మీరు ఆ పిల్లకేం కావాలి అని అడిగేవాడు. తల్లినండీ. సాక్ష్యం ఏముంది. ఆ పిల్ల తండ్రి మీరేగా, మీకు తెలీదా. ఈ ముచ్చటంతా అయ్యాక వెదురు కర్ర లేచేది.

తిండి దగ్గర పెద్ద చిక్కొచ్చింది. ఇంట్లోలాగ ఏదీ జరగదని మేడం చెప్పింది కదా, అంటే కూర కూడా ఇంటి కూరలా ఉండకూడదు. లోవతల్లి చేతి వంటకు ఊళ్ళో పేరు. ఎంత చెడగొడదామన్నా కుదరడం లేదు. అప్పలకొండ గరిటెతో నాలిక మీద వేసుకుని మొహం మాడ్చుకున్నాడు.

"ఇంకా రుచిగానే ఉందమ్మా. పిల్ల భవిష్యత్తు ఏటైపోవాల. ఇంకో బిందెడు నీళ్ళు పొయ్యి."

"పోసేశాను బావగారూ. వంకాయలు మంచివి. అవేటి చేత్తాయి."

"అయితే వంకాయలు తీసెయ్యి."

అంతే. ఆ రోజు నుంచి వంకాయ కూరలో వంకాయలు లేవు. అందరూ అదే తిన్నారు. గౌరీసు లుంగీ నడుం మీద నిలవడం మానేసింది. రత్నం మొదట నవ్వింది, తరవాత బతిమాలింది, చివరికి చిక్కి సగమైంది. సువర్చల మేడం పిల్ల మొహం చూసి సంగతి కనుక్కుని, తలపట్టుకుని, ఇంటికొచ్చింది. ఇంత కట్టడి వద్దండీ, రేపు ఆమె బతుకు ఆమె చూసుకోవాలి, ఇప్పటినుంచే ఆమె నిర్ణయాలు ఆమెను తీసుకోనివ్వండి, ఏదైనా ముందు ఆమెను అడగండి అని నెమ్మదిగా చెప్పింది.

మేడం వీధి మలుపు తిరగకముందే వెదురు కర్ర పొయ్యిలోకి పోయింది. లోవతల్లి ఆ పూట వంకాయలతోనే వంకాయ కూర వండింది. కాని, ఏదైనా ముందు ఆమెను అడగండి అన్నమాట అప్పలకొండ మనసులో నాటుకుపోయింది. తెల్లారి లేస్తూనే ముగ్గురూ రత్నం మంచం చుట్టూ నిలబడ్డారు. ఇవాళ స్నానం చెయ్యమంటావా అని గౌరీసు. పచ్చడిలోకి చింతపండా నిమ్మకాయా అని లోవతల్లి. గేదెను విప్పమంటావా అని అప్పలకొండ. రత్నం పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఒక నిర్ణయం పట్టుకుపోయేవారు. ఆ పిల్ల కూడా ఓపిక గలది. చదువుతూనే, చెయ్యి, మానెయ్యి, విప్పు, కట్టు అని చెప్పడం అలవాటు చేసుకుంది.

ఎండలు ముదిరాయి. పరీక్షలొచ్చాయి. బెల్లం వంటలూ అప్పుడే. రసాయనశాస్త్రం పరీక్ష నాడు రత్నం పొద్దున్నే పట్నం వెళ్ళింది. ఇక్కడ పెనంలో పాకం ఉడుకుతోంది. బంగారు రంగు తిరిగింది. బుడగలు పెద్దవయ్యాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ రంగు చూడగానే దించు అంటున్న అప్పలకొండ, ఆ రోజు నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు.

"గౌరీసూ, రత్నాన్ని అడిగామేట్రా?"

"లేదన్నియ్యా."

"అడక్కుండా దించేస్తే మేడం ఏటనుకుంటాది?"

ఫోను చేశారు. పరీక్ష హాల్లోకి ఫోను పట్టుకెళ్ళనివ్వరు. పిల్ల ఇంట్లో వదిలిన ఫోను లోవతల్లి ఒళ్ళోనే మోగింది. ఇంకేముంది, గౌరీసు మోటారు సైకిలెక్కి పట్నం పరిగెత్తాడు. పరీక్ష జరిగే కాలేజీ గోడ పక్కన నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, అమ్మా రత్నం, దించమంటావా ఉంచమంటావా అని కేకేశాడు. లోపల పిల్లలు చాలామంది తలెత్తారు. తనిఖీకి వచ్చిన అధికారులు ఇదేదో జవాబులు అందించే సంకేతమనుకున్నారు. దించు అంటే మొదటిది, ఉంచు అంటే రెండోది కాబోలని వాళ్ళలో వాళ్ళు అర్థం చెప్పుకుని, రత్నం అనే పేరుగల పిల్లలందరి దగ్గరా తలొకరు నిలబడ్డారు. మన రత్నం ఆ గొంతు గుర్తుపట్టింది. ఒక్కసారి తలెత్తి కిటికీ వంక చూస్తే చాలు, ఆ ఏడాది చదువంతా గంగపాలు. ఆ పిల్ల తల ఎత్తలేదు. విననట్టే, తండ్రి కానట్టే, రాస్తూ పోయింది. గౌరీసును పోలీసు పట్టుకెళ్ళి పరీక్ష అయ్యేవరకు చెట్టు కింద కూర్చోబెట్టాడు. గుమ్మలపాలెంలో పాకం ఎర్రబడి, నల్లబడి, బొగ్గయింది. పెనం చుట్టూ మనుషులు చేతులు కట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

రత్నం ఇంటికొచ్చి ఆ పెనం చూసి, ఏడవలేదు, తిట్టలేదు. బెల్లం మాటెప్పుడూ నీదే పెదనాన్నా, ఇది నా నిర్ణయం అంది. అప్పలకొండ సంతోషించాడు.

ఈసారి ఆయనే సువర్చల మేడం దగ్గరికి వెళ్ళాడు. పిల్లకు ఇంకేం నేర్పమంటారని అడిగాడు. ఆవిడ, పరీక్షలైపోయాయి కాబట్టి ఇక ఏం చెప్పినా పెద్ద ప్రమాదం ఉండదనుకుంది పాపం. కాలేజీలో అందరూ కొత్తవాళ్ళే ఉంటారు, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో బెదరకుండా మాట్లాడటం అలవాటు చేయించండి అంది.

గుమ్మలపాలెంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎక్కడ దొరుకుతారు. అప్పలకొండ బస్సులు ఆగే చోటికి పోయి కూర్చున్నాడు. దిగినవాళ్ళలో తెలిసినవాళ్ళను వదిలేసి, తెలియనివాళ్ళను చెయ్యిపట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. మేకలు కొనేవాడు వచ్చాడు. గాజులమ్మే ఆవిడ వచ్చింది. దారితప్పిన పెళ్ళి బాజా వాళ్ళు వచ్చారు. వాకిట్లో కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, మా పిల్లను ఏదో ఒకటి అడగండి అనేవాడు. నాలుగు మాటలు అయ్యేసరికి, ఇక మీరు లేవొచ్చు, తెలిసినవాళ్ళైపోయారు అని పంపేసేవాడు. ఒకసారి వచ్చినవాడు రెండోసారి పనికిరాడు.

ఒకరోజు ఒక విత్తనాల కంపెనీ కుర్రాడు దొరికాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. వాకిట్లో కుర్చీ, ఎదురుగా తల దువ్వుకున్న అమ్మాయి, పక్కన తల్లీ తండ్రీ పెదనాన్న. చూడగానే అతను వేరే సంగతి అనుకున్నాడు. పేరేంటి అన్నాడు. ఏం చదివావు అన్నాడు. వంటొచ్చా అన్నాడు. రత్నం అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. అప్పలకొండ మురిసిపోయి, అతన్ని బస్సుదాకా సాగనంపాడు. ఆ మర్యాద చూసి కుర్రాడికి ఉన్న అనుమానం కూడా పోయింది.

అంతే. మళ్ళీ వారం అతను తల్లిని వెంటబెట్టుకుని, అరటిపళ్ళ హస్తం పట్టుకుని వచ్చాడు. అప్పలకొండ అతన్ని గుమ్మం దగ్గరే ఆపేశాడు. నువ్వు పనికిరావు నాయనా, మీ అమ్మగారు పరవాలేదు అన్నాడు. తల్లి ఒక్కర్తే కొత్త మనిషి కాబట్టి ఆవిడకు కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చుని, మా అబ్బాయికి మీ పిల్ల నచ్చింది, మంచిరోజు చూసుకుందాం అంది. గౌరీసు అన్న వంక చూశాడు. అన్న లోవతల్లి వంక చూశాడు. పిల్లను ఏదైనా అడగొచ్చని వీళ్ళే చెప్పారు. అడిగిన మనిషిని ఆపడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. 

రత్నమే మాట్లాడింది.

"అమ్మా, మీరు దూరం నుంచి వచ్చారు, భోంచేసి వెళ్ళండి. నేను మాత్రం చదువుకోవడానికి పోతున్నాను. మీ అబ్బాయిని ఒక మాట అడగనా? కిందటేడు మీ కంపెనీ వరి విత్తనం మా ఊళ్ళో సగం మొలవలేదు. ఎందుకూ?"

కుర్రాడు గుమ్మం బయట నుంచే, కనుక్కుని చెబుతానన్నాడు. ఆ కనుక్కోవడానికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ మాత్రం లోవతల్లి వంకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని, ఈ పిల్ల నిజంగానే చదువుకోవాల్సిన పిల్ల అని చెప్పి మరీ వెళ్ళింది.

శ్రావణంలో కబురొచ్చింది. రత్నానికి వ్యవసాయ కాలేజీలో సీటొచ్చింది. చెప్పిన రోజు సాయంత్రం ఆఫీసు మూసేలోగా అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, చేరకపోతే ఆ సీటు వెనకున్న వాళ్ళకు వెళ్ళిపోతుంది. సువర్చల మేడం స్వయంగా గుమ్మలపాలెం వచ్చింది. ఈసారి ప్రతి మాటా నాలుగుసార్లు నమిలి మరీ చెప్పింది. ముందురోజు వద్దు, తరవాతి రోజు వద్దు, ఆ రోజే వెళ్ళండి. సర్టిఫికెట్లు పోతే మళ్ళీ రావు, బస్సులో గాని, దారిలో గాని, ఎవరడిగినా ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఆవిడ నిశ్చింతగా వెళ్ళింది.

అప్పలకొండ సర్టిఫికెట్లు అట్టల మధ్య పెట్టి, తుండుగుడ్డలో చుట్టి, చొక్కా లోపల పొట్టకు కట్టుకున్నాడు. నలుగురూ బస్సెక్కారు. దారిలో కండక్టరు టిక్కెట్లు అన్నా కూడా ఆయన పొట్ట పట్టుకుని పక్కకు తిరిగాడు. కాలేజీ చేరారు. వరసలో నిలబడ్డారు. మధ్యాహ్నం దాటాక వాళ్ళ వంతు వచ్చింది. బల్ల అవతల కూర్చున్న గుమాస్తా, సర్టిఫికెట్లు ఇవ్వండి అని చెయ్యి చాపాడు.

"ఇవ్వం" అన్నాడు అప్పలకొండ.

గుమాస్తా మళ్ళీ అడిగాడు. అప్పలకొండ మళ్ళీ అదే చెప్పాడు. చూడకుండా సీటు ఎలా ఇస్తామండీ అని అతను. ఎవరి చేతికీ ఇవ్వొద్దన్నారు కదండీ అని ఈయన. రత్నం, పోనీ నాకియ్యి పెదనాన్నా, నేనిస్తాను అంది. నీకు మాత్రం చెయ్యి లేదేటమ్మా అన్నాడాయన. మేడం గారికి ఫోను చేశారు. మోగింది గాని ఎత్తలేదు. గొడవ విని ప్రిన్సిపాలు గారే గదిలోంచి వచ్చి, నేనిక్కడ పెద్దనయ్యా, నా చేతికివ్వు అన్నాడు. అప్పలకొండ వంగి దణ్ణం పెట్టాడు. మీరు పెద్దవారే, కాని చెయ్యి చెయ్యే కదండీ అన్నాడు.

పొద్దు వాలుతోంది. తలుపు దగ్గర తరవాతి వంతు పిల్లా, వాళ్ళ నాన్నా నిలబడి ఈ సీటు వంకే చూస్తున్నారు. అటెండరు వచ్చి కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు.  పిల్ల సీటు పోతుందని అప్పలకొండకూ తెలుసు. అందుకే పొట్ట మీది మూటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఈ పిల్ల కోసం ఏదైనా చేస్తాడాయన. చెప్పిన మాట తప్పడం ఒక్కటే ఆయన చేతకాదు.

రత్నం ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. ఆయనతో వాదించి లాభం లేదని తెలుసు.

"పెదనాన్నా, ఎవరి చేతికీ ఇవ్వొద్దని కదా మేడం చెప్పింది. బల్ల మీద పెట్టొద్దని చెప్పిందా?"

అప్పలకొండ ఆలోచించాడు.

"లేదమ్మా. బల్ల ఊసే ఎత్తలేదు."

"అయితే బల్ల మీద పెట్టు."

అంతే. మూట విప్పి, సర్టిఫికెట్లు బల్ల మీద పరిచి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు దులుపుకున్నాడు. గుమాస్తా తీసుకున్నాడు, చూశాడు, ముద్ర కొట్టాడు. ఆఖరి కిటికీ మూసుకునేలోగా రత్నం వ్యవసాయ కాలేజీ విద్యార్థిని అయిపోయింది. చూశావా గౌరీసూ, నేను ఎవరి చేతికైనా ఇచ్చానేట్రా అని అప్పలకొండ గర్వంగా అడిగాడు. లేదన్నియ్యా, నేను చూస్తూనే ఉన్నాను అన్నాడు గౌరీసు.

ఇక హాస్టల్లో దింపి రావడమే మిగిలింది. మెట్ల మీద రత్నం, మెట్ల కింద ముగ్గురూ ఎదురెదురుగా నిలబడ్డారు. లోవతల్లి ముక్కు ఎగబీల్చింది. అప్పలకొండ ఖాళీ తుండుగుడ్డ మడతపెట్టి మళ్ళీ విప్పాడు. హాస్టల్ వార్డెనమ్మ ఇలాంటివి ఏటా చూసే మనిషి. మీరు ఇలా నిలబడితే పిల్ల బెంగపడుతుంది, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోండి అని చెప్పి లోపలికి పోయింది.

అప్పలకొండ కదలబోయి ఆగాడు. గేటు వాళ్ళ వీపుల వెనక ఉంది. గేటుకు పోవాలంటే వెనక్కి తిరగాలి. తిరగొద్దన్నారు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తమ్ముడికీ మరదలికీ చెవిలో చెప్పాడు. ఇంకేముంది, ముగ్గురూ రత్నం వంక చూస్తూనే, మొహాలు అటే పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. గేటు దాటారు. రోడ్డు దాటారు. లారీ వాడు బ్రేకు వేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. రోడ్డు అవతల కాలేజీ వాళ్ళ వరి మడి, నాట్లకు దమ్ము చేసి నీళ్ళు పెట్టి ఉంది. వెనక ఏముందో చూడాలంటే తిరగాలి కదా. ముందు గౌరీసు పడ్డాడు, అతని మీద లోవతల్లి, ఆవిడ పక్కన అప్పలకొండ. ముగ్గురూ బురదలో కూర్చుని, మొహాలు మాత్రం హాస్టల్ వైపే పెట్టి, చేతులు ఊపారు. మెట్ల మీద రత్నం ఏడుద్దామనుకున్న పిల్ల, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

పిల్ల ఏడవలేదు, వార్డెనమ్మ మాట ఎంత మంచిదో చూశారా అన్నాడు అప్పలకొండ. బురద ఓడుతూ బస్సు దగ్గరికొచ్చి, కండక్టరు అరుస్తున్నా వినకుండా వెనక్కే ఎక్కి, సీటు మీద మోకాళ్ళు పెట్టుకుని వెనక అద్దంలోంచి కాలేజీ వైపు చూస్తూ కూర్చున్నారు. ముందు ఏ ఊరొస్తోందో వాళ్ళకు కనపడదు. గుమ్మలపాలెం వచ్చింది. బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు. బస్సు కదిలింది. అప్పుడు కనపడింది అప్పలకొండకు, వెనక అద్దంలో, తమ బెల్లం పాకా, తమ పెరటి గోడా, పక్కింటి రావిపాటి వారి గడ్డివామూ, అన్నీ వరసగా కాలేజీ వైపు జరిగిపోతూ. ఆయన తమ్ముడి భుజం తట్టాడు. మొహం వెలిగిపోయింది.

"గౌరీసూ, చూశావురా. మనూరు కూడా రత్నం దగ్గరికే పోతోంది. ఇంక ఆ పిల్లకి బెంగ ఉండదు."

ముగ్గురూ ఊరికి చేతులు ఊపారు. బస్సు అవతలి ఊరి దారి పట్టింది.